చెట్టు ఎక్కడ లావెక్కుతుంది?

పొలం గట్టున ఉన్న వేపచెట్టుకు ఎప్పుడో ఎవరో కంచె తీగ చుట్టి వదిలేస్తారు. ఏళ్లు గడిచాక చూస్తే ఆ తీగ ఒక పక్క కాండంలోకి దూరి, ఇంకో పక్క బయటికొచ్చి కనిపిస్తుంది. మధ్యలో ఉన్నదాన్ని చెట్టు మింగేసింది. అదే గట్టు మీద కొబ్బరిచెట్టు ఉంటే దాన్నీ ఓసారి చూడండి. ఎక్కడానికి వీలుగా కత్తితో కొట్టిన మెట్లు, కొట్టిన మనిషి ముసలివాడైపోయినా, కొట్టిన చోటే ఉంటాయి. పూడవు, అంచులు కలవవు.

వేప ఇనుప తీగనే దిగమింగింది. కొబ్బరి చిన్న గాటు కూడా పూడ్చుకోలేకపోయింది. వేప బెరడు కింద ఉండి కొబ్బరిలో లేని ఒక సన్నని పొర వల్లే ఇంత తేడా. దాన్ని కేంబియం అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో విభాజ్య కణావళి అని రాస్తారు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ద్వితీయ వృద్ధి బొమ్మ గుర్తుండే ఉంటుంది. వలయాలు గీసి, గీతలు లాగి, పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్న బొమ్మ అది. ఆ బొమ్మలోని గీతకూ పెరట్లోని చెట్టుకూ ఉన్న సంబంధాన్ని మాత్రం చాలామందికి ఎవరూ చూపించలేదు.

తీగ విషయంలో ఇంకో చిన్న సంగతి ఉంది. మోకాలి ఎత్తున కట్టిన తీగ, చెట్టు ఆకాశాన్నంటినా, మోకాలి ఎత్తునే ఉంటుంది. చెట్టుతోపాటు పైకి పోదు. ఎత్తు పెరిగే పని కొమ్మల కొసల్లోనే జరుగుతుంది. అక్కడి కణజాలం విభజన చెందుతూ కొత్త పొడవును పైన చేరుస్తుంది. కింద ఒకసారి ఏర్పడిన భాగం ఇక సాగదు. లావెక్కే పని మాత్రం కాండం పొడవునా, వేళ్లలో కూడా, బెరడు కిందే జరుగుతుంది.

ఆ పొరను చూడాలంటే మైక్రోస్కోపు కావాలి. తాకడానికి వేళ్లు చాలు. వానాకాలంలో బొటనవేలంత లావున్న మందార కొమ్మ ఒకటి కోసి, బెరడు మీద బ్లేడుతో నిలువుగా గాటు పెట్టి, గోటితో ఎత్తి చూడండి. బెరడు మొత్తం ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. లోపల తెల్లటి కర్ర తడిగా, జారుడుగా చేతికి తగులుతుంది. ఆ జిగురే కేంబియం. విభజన చెందుతున్న కణాలకు గోడలు బాగా పలచన, లోపల నీరు ఎక్కువ. బెరడు లాగగానే తెగేవి అవే. చెట్టు ఎదుగుదల ఆగిన రోజుల్లో ఇదే పని చేస్తే బెరడు ముక్కలుముక్కలుగా విరుగుతుంది తప్ప ఊడిరాదు. అంట్లు కట్టేవాళ్లు ‘బెరడు లేస్తోందా లేదా’ అని ముందు పరీక్షించుకునేది అందుకే. అది లేస్తోందంటే లోపల పని నడుస్తోందని అర్థం.

ఆ పొరలో ఏం జరుగుతుందంటే, నిలువుగా సాగి, రెండు కొసలూ సన్నబడిన కణాలు నిడివి వెంట రెండుగా చీలుతుంటాయి. కొత్త కణం లోపలి వైపు పడితే దారువు అవుతుంది, అంటే కర్ర. వెలుపలి వైపు పడితే పోషక కణజాలం అవుతుంది, అంటే ఆకులు చేసిన చక్కెరను వేళ్లకు దించే దారి. తల్లి కణం మధ్యలోనే మిగిలి మళ్లీ చీలుతుంది. తాపీమేస్త్రీ ఒక్కో వరసా పేరుస్తూ తాను ఒక్కో అడుగు వెనక్కి వేసినట్టు, కేంబియం తాను చేసిన కర్రను లోపల వదిలేసి తాను బయటికి జరుగుతూ పోతుంది. చాలా చెట్లలో లోపలికి వదిలే కణాలు బయటికి వదిలేవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా బయటి పాత కణాలు ఒత్తిడికి నలిగిపోతాయి. దుంగను అడ్డంగా కోస్తే దాదాపు అంతా కర్రే కనిపించి, అంచున కాస్త బెరడు ఉండటానికి కారణం ఇదే.

జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ సానియో 1873లో పైన్ చెట్టు కాండాన్ని పరిశీలించి, పక్కపక్కనే కనిపించే పలచటి కణాల వరసల్లో అసలు తల్లి వరస ఒక్కటే అని వాదించాడు. మిగిలినవి పిల్లలు, ఇంకా ఏమవుతాయో తేలనివి. చూడటానికి మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ఏది తల్లి అన్న చర్చ వందేళ్లకు పైగా సాగింది.

ఇక్కడ ఓ లెక్క అడ్డొస్తుంది. మధ్య నుంచి అంచుకు 5 సెంటీమీటర్లున్న కాండం చుట్టుకొలత సుమారు 31 సెంటీమీటర్లు. అది 50 సెంటీమీటర్లకు ఎదిగితే చుట్టుకొలత 314 సెంటీమీటర్లు. కేంబియం లోపలికీ బయటికీ మాత్రమే కణాలు వదులుతూ కూర్చుంటే తన వలయమే చాలక తెగిపోవాలి. కాబట్టి మధ్యమధ్యలో అది లోపలికీ బయటికీ కాక పక్కకు కూడా విభజన చెంది, తన సంఖ్యనూ పెంచుకుంటుంది. ఈ నిలువు కణాలకు తోడు పొట్టి కణాల గుంపులు కూడా ఉంటాయి. అవి మధ్య నుంచి అంచు వైపు అడ్డంగా సాగే కిరణాలను కడతాయి. చెట్టు తన పిండి పదార్థాన్ని దాచుకునేది ఎక్కువగా వీటిలోనే. తిప్పతీగను అడ్డంగా కోస్తే ఈ కిరణాలు మామూలు కంటికే వెడల్పుగా కనిపిస్తాయి.

ఇదంతా చెట్లకే పరిమితం అనుకోనక్కర్లేదు. వంటింట్లో క్యారెట్‌ను చక్రాలుగా తరిగితే మధ్యలో లేత రంగు గుండ్రం, చుట్టూ ముదురు నారింజ రంగు పట్టీ, రెండింటి మధ్య సన్నని గీత కనిపిస్తాయి. ఆ గీత కేంబియం. లోపలిది దారువు, బయటిది పోషక కణజాలం. తియ్యదనం బయటి పట్టీలోనే ఎక్కువ. చక్కెర ఉండేది అక్కడే మరి. ముల్లంగిలో మనం తినేదంతా చాలా వరకు గట్టిపడని దారువే. బీట్‌రూట్ ఇంకో రకం. అందులో కేంబియం ఒకటి కాదు, ఒకదాని వెలుపల ఒకటిగా అనేకం పుడతాయి. తరిగినప్పుడు కనిపించే ఎరుపు, లేత ఎరుపు వలయాలు వాటి పనే. వాటిని లెక్కపెట్టి దుంప వయసు చెప్పబోతే నవ్వులపాలవుతాం. ఆ వలయాలన్నీ కొద్ది వారాల్లోనే ఏర్పడతాయి.

చెట్టు వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడంలోనూ మన దగ్గర జాగ్రత్త కావాలి. చలి దేశాల్లో ప్రతి శీతాకాలం కేంబియం నిద్రపోతుంది కాబట్టి ఏడాదికో వలయం ఖాయం. మన మామిడిలోనూ వేపలోనూ అంత స్పష్టమైన గీతలు దొరకవు. టేకు మాత్రం వేరు. ఎండల్లో ఆకులు రాల్చేసి మోడులా నిలబడ్డప్పుడు దాని కేంబియం ఆగిపోతుంది. తొలకరితో మేల్కొని ముందు కంటికి ఆనేంత పెద్ద నాళాలను కడుతుంది, ఎందుకంటే కొత్త ఆకులకు ఒక్కసారిగా బోలెడు నీరు కావాలి. రుతుపవనాలు తగ్గేకొద్దీ నాళాలు చిన్నవవుతాయి. అందుకే టేకు దుంగ మీద ఒక్కో ఏడాదీ చుక్కల వరసతో మొదలవుతుంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ పరిశోధకులు ఇలాంటి టేకు వలయాల మందం కొలిచి, వాననమోదులు లేని పాత కాలంలో వర్షాలెలా ఉండేవో అంచనా కట్టారు. వానల మధ్యలో పెద్ద విరామం వస్తే ఒకే ఏడాదిలో రెండో గీత పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే వాళ్లు ఒక్క చెట్టును నమ్మరు, చాలా చెట్లను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటారు.

లోపల పడిన కర్రలో నీరు మోసే నాళాలు పుట్టిన కొద్ది రోజులకే చచ్చిపోతాయి. చావడమే వాటి పని. లోపలి జీవపదార్థం పోయి గొట్టం ఖాళీ అయితేనే నీరు పైకి పోతుంది. కిరణాల కణాలు మాత్రం కొన్నేళ్లు బతుకుతాయి. తర్వాత కేంబియం దూరంగా జరిగిపోయాక అవి కూడా, దాచుకున్న పిండిని రంగు, జిగురు, విషపదార్థాలుగా మార్చి, చుట్టూ నింపి చచ్చిపోతాయి. దాన్నే మన వడ్రంగులు చేవ అంటారు. టేకు చేవకు చెద పట్టకపోవడానికి అందులో చేరిన రసాయనాలే కారణం. పైనుండే తెల్ల చెక్కకు ఆ రక్షణ లేదు.

ఈ తేడాకు మన శేషాచలం కొండల్లోని ఎర్రచందనానికి మించిన ఉదాహరణ లేదు. ఆంధ్రప్రదేశ్ దక్షిణ జిల్లాల కొండల్లోనే ప్రధానంగా పెరిగే ఈ చెట్టులో వెల ఉన్నదంతా చేవకే. శాంటలిన్ అనే ఎర్రని రంగు పదార్థం చేరేది అందులోనే. చుట్టూ ఉన్న తెల్ల చెక్క మామూలు కర్ర. కాబట్టి పొలంలో నాటుకున్న ఎర్రచందనం లావు చూసి మురిసిపోతే సరిపోదు, లోపల ఎరుపు ఎంత దూరం వచ్చిందో చూడాలి. దానికి ఏళ్ల తరబడి ఓపిక కావాలి. అలలలా వంకర్లు తిరిగిన చారలున్న దుంగలకు విదేశాల్లో మరీ గిరాకీ. ఆ అల పుట్టేది కూడా కేంబియంలోనే. అక్కడి నిలువు కణాలు ఒక చోట కాస్త కుడికి, ఇంకో చోట ఎడమకు ఒరిగి ఉంటే, అవి వదిలిన కర్ర కూడా అలాగే వంకర్లు పోతుంది. వాటి కోసం అడవిలో గొడ్డళ్లు దిగుతున్నాయి. ఎర్రచందనం 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం, సైటిస్, రెండో అనుబంధంలో ఉంది.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర దీనికి పూర్తిగా ఎదురు. కణాల గోడలు పలచన, లోపల ఖాళీ ఎక్కువ, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. ఉలికి ఇట్టే లొంగుతుంది. ఎర్రచందనంలోనూ పొనికిలోనూ కర్ర చేసే పద్ధతి ఒక్కటే. కణాలు గోడ ఎంత మందంగా కట్టుకున్నాయన్నదే తేడా.

బెరడు సంగతి కొంచెంలో చెప్పేస్తాను. కాండం లావెక్కుతుంటే పైచర్మం సాగలేక పగులుతుంది. దాని అడుగున ఇంకో విభాజ్య పొర పుట్టి, బయటికి బెండు కణాలను వదులుతుంది. నీరు చొరని మైనపు పదార్థం పట్టించుకుని చచ్చిపోయిన కణాలవి. రాబర్ట్ హుక్ 1665లో మైక్రోస్కోపు కింద చూసి కణం అన్న పేరు పెట్టింది ఈ బెండు కణాలకే. జామ కాండం పలచని రేకులు రాల్చి నున్నగా ఉండటం, తుమ్మ నెర్రెలు విచ్చడం, ఇవన్నీ ఈ రెండో పొర ఎక్కడెక్కడ, ఎన్నిసార్లు పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటాయి. పోర్చుగల్‌లో బెండు ఓక్ చెట్ల నుంచి దాదాపు 9 ఏళ్లకోసారి బెండు ఒలుస్తారు. చెట్టు చావదు. కత్తి లోపలి కేంబియం దాకా దిగదు కాబట్టి.

దిగితే ఏమవుతుందో మన పల్లెల్లో అందరికీ తెలుసు. వద్దనుకున్న చెట్టుకు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున బెరడు ఒలిచేస్తారు. ఆకులు వెంటనే వాడవు. నీరు పోయేది లోపలి కర్రలో, దానికి దెబ్బ తగల్లేదు. కాని చక్కెర కిందికి దిగే దారి తెగిపోయింది. గాటుకు పై అంచు ఉబ్బుతుంది, వేళ్లు ఆకలితో చస్తాయి, ఆ తర్వాత చెట్టు ఎండుతుంది. ఇటలీకి చెందిన మార్చెల్లో మాల్పీగీ పదిహేడో శతాబ్దంలోనే ఇలా బెరడు వలయం తీసి, పైభాగం ఉబ్బడం గమనించాడు. మరోవైపు నడిమి భాగమంతా కుళ్లి మనిషి దూరేంత తొర్ర పడ్డ చింతచెట్టు ఏటా కాయలు కాస్తూనే ఉంటుంది. దాని ప్రాణం తొర్ర గోడ అంచున, బెరడు కింద ఉంది. తెల్లమద్ది బెరడు మందు కోసం ఒలిచేవాళ్లు కాండం చుట్టూ తిప్పి ఒలవకుండా ఒక పక్క నిలువు పట్టీ మాత్రమే తీసి ఆపితే ఆ చెట్టు బతికి గాయాన్ని పూడ్చుకుంటుంది.

ఈ ఉబ్బును వాడుకునే పనే గాలి అంటు. దానిమ్మ లేదా నిమ్మ కొమ్మకు అంగుళం వెడల్పున బెరడు వలయం తీసి, తడి నాచు పెట్టి, పాలిథీన్ కాగితం చుడతారు. పైనుంచి దిగిన చక్కెరలూ హార్మోన్లూ గాటు దగ్గర ఆగి, అక్కడే వేళ్లు పుడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇక్కడో చిక్కు వస్తుంది. బెరడు తీసి, లోపలి జిగురు గీకకుండా వదిలేస్తే, మిగిలిన కేంబియం వారాల్లో కొత్త బెరడు కట్టి గాటును మూసేస్తుంది. వేళ్లు రావు. కత్తి వెనక వైపుతో ఆ తెల్ల కర్రను పొడిగా అయ్యేదాకా గీకడం అందుకే.

మామిడి అంటులో ఇది తిరగబడుతుంది. అక్కడ కేంబియాన్ని గీకకూడదు, కలపాలి. కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్ల చేతులు గమనిస్తే ఈ మాట అర్థమవుతుంది. టెంక నుంచి మొలిచిన వేరు మొక్కకూ, బంగినపల్లి కొమ్మకూ లావు సమానంగా ఉంటే ఏ చింతా లేదు. కొమ్మ సన్నగా ఉంటే, తెలియనివాడు దాన్ని చీలిక నడిమధ్యలో దూర్చుతాడు. తెలిసినవాడు ఒక పక్కకు జరిపి, రెండు బెరళ్లూ ఒక అంచునైనా కలిసేలా పెడతాడు. రెండు కేంబియాలు ఒకదానికొకటి తగిలితే, మధ్యలో మెత్తటి కణాల ముద్ద పుట్టి, దాని గుండా కొత్త కేంబియం రెండు పక్కల నుంచీ వచ్చి కలుస్తుంది. ఆ తర్వాతే వేరు మొక్క నీరు కొమ్మకు ఎక్కుతుంది. పట్టీ గట్టిగా బిగించేది కూడా ఆ ముద్ద కలిసేదాకా కొమ్మ కదలకుండా ఉండటానికి.

కొబ్బరికి, తాటికి ఇలా అంటు కట్టలేం. వాటి నాళాలు కాండమంతా విడివిడి కట్టలుగా చెల్లాచెదురుగా ఉంటాయి. వాటి మధ్య వలయంగా అల్లుకునే కేంబియం లేదు. మరి తాటిచెట్టు అంత లావు ఎలా వచ్చింది? లేచేముందే ఆ లావు కట్టుకుంటుంది. తాటి మొలక ఏళ్ల తరబడి నేలకు అంటుకుని ఆకులు మాత్రమే వేస్తుంటే ఎదుగుదల లేదనుకుంటాం. ఆ ఏళ్లలో అది కొస భాగాన్ని వెడల్పు చేసుకుంటుంది. కావలసిన వెడల్పు వచ్చాకే పైకి లేస్తుంది. ఇక ఆ తర్వాత లావు పెద్దగా మారదు. కొబ్బరిచెట్టు నడుము ఒక చోట సన్నబడి కనిపిస్తే, ఆ ఎత్తు ఏర్పడిన రోజుల్లో నీరో పోషణో తగ్గిందన్న మాట. తర్వాత ఎంత ఎరువు వేసినా ఆ నొక్కు పూడదు. టేకులో గట్టిదనం లోపల ఉంటే తాటిలో వెలుపల ఉంటుంది. కొల్లేటి పక్క ఊళ్లలో తాటి మొదలును తొలిచి దోనెలు చేసేది, లోపలి మెత్తని భాగాన్ని సులువుగా తీసేయొచ్చు కాబట్టే. ఇంకో విశేషం, తాటిలో పాత కణాలు చేవగా మారి చావవు. మొదలు దగ్గరి కణాలు చెట్టు బతికినంతకాలం బతికే ఉండాలి.

కొబ్బరి, గడ్డి జాతులకు అంటు అసాధ్యమన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిలవదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొలక దశలోనే, గింజలోని పిండం వేరూ మొలకా కలిసే చోట అతికితే, గోధుమ, అరటి, ఖర్జూరం వంటివి కూడా అతుక్కుంటాయని చూపారు. ‘నేచర్’ పత్రికలో 2022లో అచ్చయింది.

మర్రి ఊడల్లో ఇదంతా బయటికే కనిపిస్తుంది. శ్రీసత్యసాయి జిల్లా కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాల మేర పరుచుకుని ఉంది. అంత దూరం కొమ్మలు చాచినా విరగకుండా నిలబెడుతున్నవి ఊడలే. గాల్లో వేలాడుతున్నంతసేపు ఊడ సన్నగా తాడులా ఊగుతుంటుంది. నేల తగిలి వేళ్లు పట్టగానే దాని కేంబియం జోరందుకుంటుంది. కొన్నేళ్లకు అది కాండమో ఊడో గుర్తుపట్టలేం. మర్రికి దగ్గరి బంధువైన ఒక జువ్వి జాతిలో పరిశీలించినప్పుడు, నేల పట్టిన ఊడలో ఏర్పడే కర్ర కుంచించుకుని ఊడను బిగుతుగా లాగుతుందని కూడా తేలింది.

చీలమని, ఆగమని, ఎటు పొమ్మని ఈ పొరకు చెప్పేదెవరు? పైనుంచి లేత ఆకులు పంపే ఆక్సిన్ అనే హార్మోను ఒక ఆజ్ఞ. దానితోనే సరిపోదు. జపాన్ శాస్త్రవేత్తలు జినియా మొక్క కణాలతో పనిచేస్తూ 2006లో ఒక చిన్న ప్రొటీన్ ముక్కను పట్టుకున్నారు. అందులో ఉన్నవి 12 అమైనో ఆమ్లాలే. బయటి పోషక కణజాలం దాన్ని తయారుచేసి కేంబియానికి పంపుతుంది. ఇంకా దారువుగా మారొద్దు, విభజన సాగించు అన్నది దాని సందేశం. ఆ సందేశాన్ని అందుకునే గ్రాహకాన్ని మాంచెస్టర్ పరిశోధకులు 2007లో గుర్తించారు. అది దెబ్బతిన్న మొక్కల్లో దారువూ పోషక కణజాలమూ వరస తప్పి కలగాపులగం అవుతాయి. హెల్సింకీ బృందం 2019లో ఇంకో ముక్క చేర్చింది. ఆక్సిన్ ఎక్కువగా చేరి దారువుగా మారబోతున్న లోపలి కణమే, తన పక్క కణాన్ని తల్లి కణంగా నిలిపి ఉంచుతుందట. సానియో మైక్రోస్కోపులో విడదీయలేని వరసను వీళ్లు జన్యువులకు రంగు వేసి విడదీశారు.

ఈ ఏర్పాటు చాలా పాతది. ఫ్రాన్స్‌లో దొరికిన సుమారు 40.7 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో కర్ర గుర్తులున్నాయని 2011లో తేలింది. అవి మహావృక్షాలు కావు, కాండం కొన్ని మిల్లీమీటర్ల లావున్న చిన్న మొక్కలు. అంటే కర్ర మొదట పుట్టింది నిలబడటానికి కాదు, నీటిని సులువుగా తీసుకుపోవడానికి అయి ఉంటుంది. ఎత్తు తర్వాత వచ్చింది.

మాంచెస్టర్ బృందమే 2015లో పాప్లర్ చెట్లలో ఆ సందేశాన్నీ గ్రాహకాన్నీ తగిన చోట్ల ఎక్కువ చేసి చూసింది. మామూలు వాటికంటే లావుగా, ఎత్తుగా, ఆకులు ఎక్కువగా పెరిగాయి. అవి గ్రీన్‌హౌస్‌లో పెరిగిన చెట్లు. గాలివాన, కరువు, పురుగు తగిలే పొలంలో ఎలా ఉంటాయన్నది వేరే ప్రశ్న. కోస్తా జిల్లాల్లో కాగితం గుజ్జు కోసం సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వేసి టన్నుల లెక్కన అమ్ముకునే రైతుకు ఈ వేగం నేరుగా డబ్బు. ఎర్రచందనం వేసుకున్న రైతుకు అది అంతగా ఉపయోగపడదు. ఆయన ఎదురుచూసేది తెల్ల చెక్క లోపల జరిగే చావు కోసం. దాన్ని తొందరపెట్టే స్విచ్చు ఏదో ఇంకా ఎవరూ పట్టుకోలేదు.